గంజమ్మ వంటింట్లో టేకు తలుపులు

కొలబద్ద మేస్త్రికి చూపు తగ్గింది, నడక తగ్గింది, ఊపిరి సంగతి సరేసరి. చెవులు మాత్రం కుర్రవాడివే. ముందుగదిలో మంచం మీద మూడు దిళ్ళకు చేరగిలబడి, కళ్ళు మూసుకునే, వంటింట్లో ఏ అలమర తలుపు తెరుచుకుందో చెప్పగలడు. ఎడమ చివరి తలుపు అసలు చప్పుడే చెయ్యదు. దాని పక్కది, గాజు గ్లాసులున్నది, కీలు దగ్గర చిన్నగా నిట్టూరుస్తుంది. పొయ్యికి సరిగ్గా పైనున్న మూడోది పద్దెనిమిదేళ్ళుగా నోరెత్తి ఎరగదు. ఆ రోజు పొద్దున్న అది కిర్రుమంది.

"ఏవయ్యా, విన్నావా? నీ తలుపు గొణుగుతోంది. నిన్ను చూసి నేర్చుకున్నట్టుంది" అని వంటింట్లోంచి భార్య కేకేసింది.

మేస్త్రి గుండె గుభేలుమంది. ఊపిరి అందని మనిషికి గుండె గుభేలుమనడం కూడా పెద్ద శ్రమే. దగ్గు ముంచుకొచ్చి నాలుగు నిమిషాలు వదల్లేదు. ఆవిడ పరుగెత్తుకొచ్చి వీపు రాసింది. రాస్తూనే తిట్టింది. "తలుపు గొణిగితే నీకెందుకయ్యా దగ్గు? నీకు కారణం కావాలంతే."

ఆవిడని పేటంతా గంజమ్మ అంటారు. పెద్దాసుపత్రి చాకిరేవులో, అంటే ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో దుప్పట్లు ఉడకబెట్టి, ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసే విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేసింది. దుప్పట్లకి గంజి పెట్టీ పెట్టీ మాటకి కూడా గంజి ఎక్కిందని తోటివాళ్ళు పెట్టిన పేరది. ఆవిడ నోట్లోంచి మెత్తని మాట రావడం ఎవరూ విన్న పాపాన పోలేదు. పాలు పొంగితే పాలని తిడుతుంది, పొయ్యిని తిడుతుంది, అంత దాకా చూస్తూ కూర్చున్నందుకు మేస్త్రిని తిడుతుంది. మేస్త్రికి మాత్రం ఆ తిట్లు పక్కవాద్యంలాంటివి. అవి లేకపోతే పొద్దెక్కినట్టే ఉండదు.

ఇక మేస్త్రి. ముప్పై ఎనిమిదేళ్ళు వంటిళ్ళకి అలమరలు చేసి బతికినవాడు. తోటి వడ్రంగులంతా ఇనప టేపులకి మారి ఏళ్ళు గడిచినా, అతను కర్రతోనే కొలిచేవాడు. ఏ ఇంటికి ఆ ఇంటికి ఒక కొత్త సన్నకర్ర. గోడకి ఆనించి పొయ్యి ఎత్తుకి ఓ గాటు, కిటికీ చట్రానికి ఓ గాటు, తలుపు పొడవుకి ఓ గాటు. పని పూర్తయ్యేదాకా ఆ కర్రే ఆ ఇల్లు. ఇంటికో రంగు దారం గుర్తుగా చివర కట్టి, తన షెడ్డులో ఓ మూల నిలబెట్టేవాడు. "టేపు మీద అంకెలుంటాయి. అంకె చదివేటప్పుడు మనిషి పొరబడతాడు. గాటు దగ్గర ఏం పొరబడతాడు? కర్ర అబద్ధమాడదు" అనేవాడు. వెనకాల కొందరు నవ్వుకున్నా, అతను చేసిన తలుపుల మధ్య సందులో కాగితం ముక్క కూడా దూరదన్న సంగతి నవ్వినవాళ్ళకీ తెలుసు. అతుకు వేసి ఎరగడు. అతుకు వేసే వడ్రంగిని చూస్తే అతనికి ఒళ్ళు మంట.

పని అప్పజెప్పే రోజున ఆ ఇంటి ఇల్లాలిని నిలబెట్టి ఒక పాఠం చెప్పేవాడు. వద్దన్నా చెప్పేవాడు.

"అమ్మా, నీళ్ళతో భయం లేదు. కళ్ళకి కనపడతాయి గనక తుడిచేస్తావు. ఆవిరితోనే వచ్చింది గొడవంతా. కుక్కర్నీ, నీళ్ళు కాగే గిన్నెనీ అలమర కింద పెట్టకు, పక్క పొయ్యి మీదకి జరుపు. వంటవుతున్నంతసేపూ కిటికీ తీసుంచు, ఫ్యాను వెయ్యి. అయ్యాక పొడిగుడ్డ పెట్టి తలుపుల కింది అంచు తుడువు. ముఖం కాదమ్మా, కింది అంచు. తలుపుకి అరికాళ్ళు అవే. చెమ్మ ఎప్పుడూ అరికాళ్ళలోంచే ఎక్కుతుంది. ఒక్కసారి ఎక్కి చెక్క ఉబ్బిందా, మళ్ళీ దిగదు. నేను కాదు, నా తాత దిగొచ్చినా దింపలేడు."

అందుకే ఏ తలుపు చేసినా ముందు కింది అంచుకి మూడు పూతలు వార్నిష్ పట్టించి, అది ఆరాకే ముఖం జోలికి వెళ్ళేవాడు. కనపడని చోట పని ముందు చెయ్యాలి, కనపడే చోట ఎలాగూ చేస్తాం అని అతని సిద్ధాంతం. ఇంత సిద్ధాంతం ఉన్న మనిషి తన సొంత ఇంట్లో చేసిన నిర్వాకం మాత్రం వేరు.

పద్దెనిమిదేళ్ళ కిందట పెద్దాసుపత్రి పాత భవనం కూలగొట్టారు. పాత పనివాళ్ళు పనికొచ్చేది ఏదైనా పట్టుకెళ్ళొచ్చు అన్నారు. ఒకళ్ళు మంచాలు పట్టుకెళ్ళారు, ఒకళ్ళు బీరువా, ఒకళ్ళు రాగి గంగాళం. గంజమ్మ మాత్రం పిల్లల వార్డు తలుపులు రెండూ కావాలంది. ఆనాటి టేకు. బొటనవేలంత మందం, ఎనిమిదడుగుల ఎత్తు. దుప్పట్ల బండి తోసుకుంటూ రోజుకి ఇరవైసార్లు వాటిని భుజంతో నెట్టి లోపలికి వెళ్ళేది. వాళ్ళ ఒక్కగానొక్క పిల్ల ఆరేళ్ళ వయసులో జ్వరంతో ఆ వార్డులోనే పోయింది. ఆ రోజు కూడా ఆ తలుపులు నెట్టుకునే లోపలికి వెళ్ళింది, వాటిని నెట్టుకునే బయటికి వచ్చింది. ఆ మాట ఎవరితోనూ అనదు. మేస్త్రితో కూడా, "మంచి టేకు, ఊరికే పోతోంది, వంటింటికి అలమర తలుపులు చెయ్యి" అని మాత్రం అంది.

మేస్త్రి కొలత కర్ర చేశాడు. దానికి దారం కట్టలేదు. మన ఇంటికి మళ్ళీ గుర్తెందుకు అనుకున్నాడు. అదే కొంప ముంచింది. ఆ వారమే మలుపు దగ్గర బేకరీవాళ్ళ వంటింటికీ పని ఒప్పుకున్నాడు. ఆ కర్రకి కట్టిన పచ్చదారం ఎప్పుడు ఊడిందో ఊడిపోయింది. మూలన దారం లేని కర్రలు రెండు నిలబడ్డాయి. మేస్త్రి అందులో ఒకటి తీసి, పిల్లల వార్డు తలుపుల మీద పెట్టి, గాటు చూసి గీత గీసి, రంపం వేశాడు. ఆరు తలుపులూ కోసేశాక గానీ తెలియలేదు. అన్నీ నాలుగు వేళ్ళు పొట్టి. బేకరీవాళ్ళ వంటింటికి మాత్రం కొలిచినట్టు సరిపోయాయి. ఎందుకు సరిపోవు, ఆ ఇంటి కర్రే కదా.

వేరేవాళ్ళయితే ఏం చేసేవారు? నాలుగు వేళ్ళ పట్టీ అతికి, అయ్యిందేదో అయ్యిందని పెళ్ళాం దగ్గర నాలుగు తిట్లు తిని ఊరుకునేవారు. మేస్త్రికి అది చేతకాలేదు. తన ఇంట్లో, ఆ తలుపులకి, అతుకా? రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు పొట్టి టేకు తలుపులు తీసుకెళ్ళి బేకరీవాళ్ళకి బిగించాడు. వాళ్ళ కోసం తెప్పించిన బోర్డు, రంపపు పొట్టుని జిగురుతో కలిపి అదిమి, పైన అట్టముక్కంత టేకు పొర అంటించిన బోర్డు, తన ఇంటికి మళ్ళించాడు. కనపడే అంచులకి అసలు టేకు బద్దలు అంటించాడు. గంజమ్మ డ్యూటీ దిగి వచ్చేలోపల బిగించెయ్యాలి. కింది అంచు చూసిందంటే గుట్టు రట్టే. వార్నిష్ మూడు పూతలు వేస్తే ఆరడానికి రెండు రోజులు పడుతుంది. అంత వ్యవధి లేదు. ఆ పాఠమంతా ఊరికి చెప్పినవాడు, తన ఇంట్లో తలుపుల అరికాళ్ళు ఉత్తగా వదిలేశాడు.

సాయంత్రం గంజమ్మ వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, చాలాసేపు చూసింది. చేత్తో తడిమింది. "బాగున్నాయయ్యా" అంది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ మేస్త్రి పనిని మెచ్చుకోవడం అదొక్కసారే. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, దొంగ ఎంత సుఖపడ్డాడో ఎవరూ చెప్పరు. మేస్త్రి ఆ రాత్రి ఏదో వంక పెట్టి షెడ్డులోనే పడుకున్నాడు.

ఆ తర్వాత గంజమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ వంటింట్లోకి లాక్కెళ్ళి చూపించేది. మంచినీళ్ళు తర్వాత, తలుపులు ముందు. "ఈ కాలం సరుకు కాదమ్మా, పైన పటారం లోన లొటారం కాదు. తట్టి చూడు" అనేది. వాళ్ళు మర్యాదకి తట్టేవారు. ముందుగదిలో మేస్త్రి తల వంచుకుని గోళ్ళు చూసుకునేవాడు. రెండేళ్ళ కిందట కీలు మార్చాలని పిలిస్తే బేకరీవాళ్ళింటికి వెళ్ళాడు. చవక చెక్కే కదా అని వాళ్ళు ఆ తలుపులకి తెల్ల పెయింటు కొట్టించారు. పక్కనే పొద్దస్తమానం పొయ్యి మండుతున్నా, ఒక్క తలుపు వెంట్రుకవాసి కదల్లేదు.

మేస్త్రి ఊపిరితిత్తుల్ని తినేసింది కూడా ఆ రంపపు పొట్టే. మూతికి గుడ్డ కట్టుకోరా అని ఎవరైనా అంటే వాసన తెలియకపోతే చెక్క ఎలా తెలుస్తుంది అనేవాడు. పోయినేడు డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి ఎత్తి చూపించి, లోపల గట్టిపడిపోయిందని, గట్టిపడింది మళ్ళీ మెత్తబడదని చెప్పాడు. రోజుకి నాలుగుసార్లు ఆవిరి పడితే కఫం కరిగి కాస్త తేలిగ్గా ఉంటుందన్నాడు. దుప్పటి ముసుగేస్తే మేస్త్రికి ప్రాణం పోయినట్టుండేది. గంజమ్మ ముప్పై ఏళ్ళు ఆవిరిలో బతికిన మనిషి, ఆవిడకి ఇదొక లెక్కా? వంటింటి కిటికీ, తలుపు బిగించి, సందుల్లో పాత గుడ్డలు కుక్కి, పొయ్యి మీద పెద్ద గంగాళం ఎక్కించి, వంటిల్లు మొత్తాన్ని ఆవిరి గది చేసేసింది. మధ్యలో కుర్చీ వేసి మొగుణ్ణి కూర్చోబెట్టింది. ఊపిరి నిజంగానే తేలికపడింది. పైన మూడో తలుపు అంచున బొట్లు బొట్లుగా నీళ్ళు వేలాడుతూ ఉంటే మేస్త్రి వాటినే చూస్తూ కూర్చునేవాడు.

తలుపు కిర్రుమన్న రెండు రోజులకి గంజమ్మ తమ్ముడు వచ్చాడు. అక్కే కబురు పెట్టింది. అతనూ వడ్రంగే, మేస్త్రి చేతికింద పని నేర్చుకుని, వేరే ఊళ్ళో కొన్నాళ్ళు చేసి, ఇప్పుడు ఇక్కడే సొంతంగా చేసుకుంటున్నాడు. మూడో తలుపుని వేలి కణుపుతో తట్టాడు. మళ్ళీ తట్టాడు. వంగి, కింది అంచులో బొటనవేలి గోరు గుచ్చాడు. గోరు దిగింది. అతను మెల్లిగా తల తిప్పి ముందుగది వైపు చూశాడు.

"ఏరా, మాట్లాడవేం?" అంది గంజమ్మ.

"చెమ్మ పట్టిందక్కా."

"చెమ్మా? టేకుకా? అరవై ఏళ్ళు ఫినాయిలు నీళ్ళకీ, వానజల్లుకీ నిలబడ్డ తలుపులురా ఇవి! నీ బావ దగ్గర నేర్చుకున్నది ఇదేనా?"

"నువ్వు కాస్త టీ పెట్టక్కా" అని అతను ముందుగదిలోకి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "బావా, టేకులో గోరు దిగుతుందా?"

"తలుపు ముయ్యిరా."

"ఏ తలుపు బావా?"

"ఈ గది తలుపురా, వెధవా. ముందు అది ముయ్యి."

తలుపు మూశాక మేస్త్రి ఆగి ఆగి అంతా చెప్పాడు. దారం లేని కర్ర, నాలుగు వేళ్ళు, బేకరీ ఇల్లు. బావమరిది ముందు నవ్వాడు, నవ్వు మధ్యలో ఆపేశాడు.

"చెప్పెయ్యి బావా. మహా అయితే తిడుతుంది. అక్క తిట్టడం మనకేం కొత్తా?"

"తిట్టడం గురించి కాదురా." మేస్త్రికి దగ్గొచ్చింది, ఆపుకున్నాడు. "అవి ఏ వార్డు తలుపులో నీకు తెలుసు కదా. పిల్లని లోపలికి తీసుకెళ్ళిన తలుపులు. అవి తన ఇంట్లోనే ఉన్నాయని పద్దెనిమిదేళ్ళుగా రోజూ తుడుచుకుంటోంది. నేను పోయాక తెలిస్తే తెలియనీ. నేనుండగా వద్దు."

బావమరిది బొటనవేలి గోట్లో ఇరుక్కున్న పొట్టు తీసి దులిపాడు. "ఉబ్బింది దిగదు బావా. నువ్వు నేర్పిందే, నీకు నేను చెప్పేదేముంది? ఇంకా ఉబ్బకుండా మాత్రం చూడొచ్చు. ఉబ్బిన మేర చిత్రిక పట్టి, వార్నిష్ తాగించి, కింద టేకు బద్ద అంటిస్తే అక్కకి ఈ జన్మలో తెలియదు. కానీ ముందు అది పూర్తిగా ఆరాలి. పదిహేను రోజులు ఆవిరి తగలకూడదు."

"పదిహేను రోజులేగా."

"రోజులేగా ఏంటి? నీ ఊపిరో?"

"నా ఊపిరి సంగతి నాకు తెలుసులేరా. పదిహేను రోజులయ్యాక చిత్రిక పట్టుకుని రా."

మర్నాటి నుంచి మేస్త్రి ఆవిరి వద్దన్నాడు. పట్టినా ఒకటే, పట్టకపోయినా ఒకటే, ఉక్క భరించలేకపోతున్నానన్నాడు. గంజమ్మ ఊరుకునే రకమా? "డాక్టరు చదివిన చదువు దండగ, నువ్వు చదివిన చదువే చదువు. లే, లేచి రా" అంది. రాలేదు. గిన్నెలో వేడినీళ్ళు మంచం దగ్గరికే తెచ్చింది. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "నీ మొండితనం కట్టెతో పాటు కాలాల్సిందే" అంది. ఆ మాట అన్నాక పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

వంటింటి కిటికీ తెరుచుకుంది. ఫ్యాను తిరిగింది. గాలికి తలుపులు ఆరుతున్నాయని మేస్త్రి సంతోషించాడు. ఆవిడ మూడో తలుపు తెరిచినప్పుడల్లా చెవి రిక్కించి వినేవాడు. ఐదో రోజుకి కిర్రు కాస్త తగ్గినట్టనిపించింది. అతని రొమ్ములో కిర్రు మాత్రం పెరిగింది. ఏడో రోజుకి పడుకోలేకపోయాడు, కూర్చునే కునుకు తీశాడు. తొమ్మిదో రోజుకి గ్లాసు ఎత్తడానికి ఊపిరి చాలలేదు. గంజమ్మ తిట్ల జోరు పెంచింది. చెంచాతో నీళ్ళు పోస్తూ తిట్టింది, కాళ్ళు ఒత్తుతూ తిట్టింది. "నేనేం చేశానయ్యా నిన్ను, ఇలా సాధిస్తున్నావు?" అని కూడా ఒకసారి అడిగింది. మేస్త్రి దొంగకి తేలు కుట్టినట్టు కళ్ళు మూసుకున్నాడు. ఇంకో ఆరు రోజులు, అని లోపల లెక్క పెట్టుకున్నాడు.

పదకొండో రోజు పొద్దున్న పెదాలు నీలం తిరిగాయి. గంజమ్మ డాక్టర్ని ఇంటికే పిలిపించింది. డాక్టరు గొట్టం పెట్టి ముందూ వెనకా విన్నాడు, వేళ్ళ గోళ్ళు చూశాడు, భుజం తట్టాడు. గంజమ్మని తీసుకుని గడప దాటి మెట్ల దగ్గరికి వెళ్ళాడు. మేస్త్రి అంతటి చెవులవాడికి కూడా ఒక్క ముక్క వినపడలేదు. డాక్టరు మాట్లాడటం, మధ్యలో గంజమ్మ "పదకొండు రోజులు" అనడం, అంతే.

ఆవిడ లోపలికి వచ్చింది. మంచం పక్కన మందు గ్లాసు ఒలికి ఉంటే గుడ్డ తెచ్చి తుడిచింది. తిట్లు లేకుండానే తుడిచిందని గమనించే స్థితిలో మేస్త్రి అప్పటికి లేడు. వంటింట్లో కిటికీ మూసుకున్న చప్పుడు, గుడ్డలు కుక్కిన చప్పుడు, గంగాళం పొయ్యి మీదకి ఎక్కిన చప్పుడు విన్నాడు. వద్దని చెయ్యి ఊపబోయాడు, చెయ్యి లేవలేదు. దుప్పట్ల మూటలెత్తిన చేతులతో ఆవిడ అతన్ని చంకల కింద పట్టి లేపి, మోసినంత పని చేసి, కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ రోజు నాలుగుసార్లు కాదు, నీళ్ళు ఇగిరినప్పుడల్లా మళ్ళీ పోసి, పొద్దంతా ఆవిరి పెట్టింది.

ఆ మధ్యాహ్నం తెల్లగా కమ్ముకున్న ఆవిరిలోంచి మేస్త్రి మూడో తలుపునే చూస్తున్నాడు. కింది అంచు బన్నులా పొంగింది. టేకు పొర మీద ఒక నెర్రె విచ్చింది. పై కీలు దగ్గర మరలు బయటికి వస్తున్నాయి. పొట్టు తడిస్తే మర నిలవదు, ఆ సంగతి అతనికంటే ఎవరికి తెలుసు? "పక్కకి రావే" అనబోయాడు. మాట రాకముందే కీలు ఊడి, తలుపు ఒక పక్కకి వేలాడి, తెగి పొయ్యి గట్టు మీద పడింది. మూల విరిగింది. లోపలి నుంచి తడిసిన పొట్టు ముద్దగా గట్టు మీదకి జారింది.

గంజమ్మ ముందు పొయ్యి ఆర్పింది. తర్వాత వంగి, ఆ ముద్దలో కొంచెం తీసుకుని, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. జిగురు వాసన. తలుపు తిరగేసి కింది అంచు చూసింది. అక్కడ వార్నిష్ లేదు, టేకు లేదు, పద్దెనిమిదేళ్ళ పొట్టు ఉంది.

"దారం ఊడిపోయింది" అన్నాడు మేస్త్రి. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కో మాట పెట్టి, అంతా చెప్పాడు. రెండు కర్రలు. నాలుగు వేళ్ళు. అతుకు వెయ్యలేకపోవడం. ఆవిరి వద్దన్నది ఎందుకో అది కూడా దాచలేదు. ఆవిడ విరిగిన తలుపు చేత్తో పట్టుకునే నిలబడి అంతా విన్నది.

"అవి ఎక్కడున్నాయి?" అని మాత్రం అడిగింది.

"బేకరీవాళ్ళింట్లో. బాగున్నాయి. తెల్లరంగేశారు."

గంజమ్మ తల ఊపింది. మేస్త్రి భుజాలు ముడుచుకుని కూర్చున్నాడు. ఇప్పుడొస్తుంది అనుకున్నాడు. ఆ తిట్లు ఎలా ఉంటాయో కూడా అతనికి తెలుసు. పైన పటారం అంటుంది, ఊరికి చెప్పిన నీతులు ఏమయ్యాయంటుంది, నా పిల్ల తలుపులు అమ్ముకున్నావంటుంది. అనాలి కూడా. అన్నీ అన్నాక, సాయంత్రానికి అలవాటు ప్రకారం టీ గ్లాసు ఠపీమని ముందు పెడుతుంది. ఆ ఠపీ కోసమైనా అతను ఎదురుచూశాడు.

"ఎక్కువ మాట్లాడకు. ఊపిరి తీసుకో" అంది ఆవిడ.

పొట్టు ఊడ్చింది. తడిగుడ్డతో గట్టు తుడిచింది. గంగాళంలో నీళ్ళు పోసి మళ్ళీ పొయ్యి వెలిగించింది. నీళ్ళు కాగేలోపల, స్క్రూ డ్రైవరు తెచ్చి, స్టూలు ఎక్కి, మిగిలిన ఐదు తలుపులూ ఒక్కొక్కటే విప్పి దింపింది. ఎడమ చివరిది, చప్పుడు చెయ్యనిది, దిగేటప్పుడు కూడా చప్పుడు చెయ్యలేదు. అన్నిటినీ ఎత్తుకెళ్ళి గుమ్మం బయట గోడకి చేర్చింది.

పక్కింటావిడ గొంతు వినపడింది. "అయ్యో అక్కా, బంగారంలాంటి టేకు తలుపులు బయట పెట్టేశావేం?"

"టేకేనమ్మా" అంది గంజమ్మ. "ఆయనకి ఆవిరి పెట్టాలి కదా. అడ్డమని తీసేశాను."

లోపల కుర్చీలో మేస్త్రి ఆ మాట విన్నాడు. అతని అబద్ధాన్ని ఇప్పుడు ఆవిడ మోస్తోంది. ఆవిడ లోపలికొచ్చి తలుపు మూసి, సందులో గుడ్డ కుక్కి, అతని వెనక నిలబడి వీపు రాయడం మొదలుపెట్టింది. ఎదురుగా అలమరలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. డబ్బాలు, గ్లాసులు, మడతపెట్టిన గుడ్డలు, అన్నీ కనపడుతున్నాయి.

"ఒక్కసారి తిట్టవే" అన్నాడు మేస్త్రి.

"దేనికి?"

"తలుపులకి. ఆ పదకొండు రోజులకి."

ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

"పోనీలేవయ్యా" అంది.

ముప్పై నాలుగేళ్ళలో గంజమ్మ నోటి వెంట ఆ మాట అతను వినలేదు. పాలు పొంగినప్పుడు వినలేదు, తాళంచెవి పారేసినప్పుడు వినలేదు, పిల్ల పోయిన ఏడాది అతను పని మానేసి ఇంట్లో పడి ఉన్నప్పుడు కూడా వినలేదు. మెట్ల దగ్గర డాక్టరు ఏం చెప్పాడో మేస్త్రి ఇక అడగలేదు. గంగాళం మీద మూత కదలడం మొదలైంది. ఆవిడ మూత తీసి పక్కన పెట్టింది.